పసుపు సంచీ, నీలం సంచీ

మా ఓనరాంటీ పోయింది. స్కూలు వదిలాక స్టాఫ్‌రూంలో దిద్దాల్సిన పేపర్లు బీరువాలో పెడుతుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "బిడ్డా, కింద ఆంటీ పోయిందే. పొద్దుగాల దవాఖానకు పొయ్యొచ్చి పండుకుంది, ఇగ లేస్తలేదు" అంది. దవాఖానకి ఎందుకు పోయిందని అడిగాను. "నేను గూడ అంకుల్‌ను అడిగిన. ఏం లేదమ్మా, మామూలే అన్నడు" అంది అమ్మ.

ఆ మామూలే అన్న మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు. ఆమె నాకు చేసిన మేలు తలచుకుందామనే ఇది రాయడానికి కూర్చున్నాను. కానీ కోపం మడిచి పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు. ఆమెకీ చేతనయ్యేది కాదు, ఆ చేతకానితనం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

కొత్తపేట రైతుబజారు వెనక గల్లీలో వాళ్ల ఇల్లు. కింద ఓనర్లు, పైన మేము. మాది నల్గొండ వైపు పల్లె, వాళ్లది గుంటూరు వైపు. నాన్న పండ్ల మార్కెట్‌కి ట్రాలీ ఆటో నడిపేవాడు. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయాక రోజూ అంత దూరం పోయొస్తున్నాడు గానీ ఆ ఇల్లు మాత్రం మారలేదు. అంకుల్ బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. వాళ్లకి పిల్లల్లేరు. చిన్న క్లాసుల్లో ఉండగా ఆ ఇంట్లో చేరిన నేను, పెళ్లయి మీర్‌పేట్ వెళ్లేదాకా పెరిగిందంతా ఆంటీ కేకల నీడలోనే.

కేకలంటే మామూలు కేకలు కావు. గేటు గడియ చప్పుడు కాకుండా వేయాలి. మెట్ల మీద పరుగెత్తకూడదు. డాబా మీద రెండు తీగలుండేవి, మెట్ల వైపుది మాది, ట్యాంకు వైపుది ఆమెది. మా చున్నీ ఏదైనా గాలికి ఎగిరి ఆమె తీగ మీద పడిందా, ఇక ఆ పూట గల్లీ మొత్తానికి మా చున్నీ రంగు తెలిసిపోయేది. మోటారు స్విచ్చి వాళ్ల హాల్లో ఉండేది. పొద్దున్నే ఆమె మోటారు వేస్తేనే మాకు తెల్లారినట్టు. కాసేపటికి కింది నుంచి, "అమ్మాయ్, నిండిందేమో చూడు, పొర్లిపోతే నీళ్లు నువ్వు మోసుకొస్తావా?" అని వినబడేది.

కొన్నాళ్లు మాత్రం ఆ మోటారు చప్పుడు ఉండేది కాదు. కేకలుండవు, కిటికీ తెర తీయరు. మేం బకెట్లు పట్టుకుని దిగితే అంకుల్ తలుపు సగం తెరిచి, స్విచ్చి వేసి, "ఆంటీకి కాస్త నలతగా ఉందమ్మా" అనేవాడు. వారాలకి వారాలు ఉండే ఆ నలత ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మకి మాత్రం తెలుసు. గిన్నెలో పప్పు పట్టుకెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుని వచ్చేది. ఏమైందని అడిగితే, "ఆమెకు మనసు మంచిగ లేదు. మనం అడిగితే చెప్పలేకపోతది, అడగకుంటే బాధపడ్తది. అందుకే పోయి కూసుంట" అంది.

మళ్లీ ఒకరోజు మోటారు మోగేది. ఇంక చూడాలి ఆమెని! దుప్పట్లన్నీ ఉతికేది, ట్యాంకు కడిగించేది, మార్కెట్‌కి వెళ్లి నాన్న ట్రాలీ నిండా మామిడిపళ్లు వేయించుకొచ్చి గల్లీలో ఇంటింటికీ పంచేది. మేమంతా ఆంటీ బాగుపడిందని సంతోషించేవాళ్లం. ఆ పొంగు కూడా ఆ జబ్బులో భాగమేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అయినా ఆ మామిడిపళ్ల తీపి అబద్ధం కాదు.

నేను ఇంటర్ చదువుతుండగా పరీక్షల ముందు నాకు కడుపునొప్పి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగులో చదివే పిల్లలకి పరీక్షలప్పుడు కడుపునొప్పి రావడం పెద్ద విడ్డూరం కాదు. లెక్చరర్ నవ్వాడు. నాన్న, "గిదంత పరీక్ష భయం, జర మజ్జిగ తాగి సదువుకో" అన్నాడు. నాకూ భయమేనేమో అనిపించింది. మెట్ల మీద వంగి కూర్చున్న నన్ను చూసి ఆంటీ లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టింది. పొట్ట మీద చెయ్యి వేసి అక్కడక్కడా నొక్కింది. కుడివైపు నొక్కినప్పుడు నేను అరిచాను.

"భయానికి కుడీ ఎడమా తెలీదు. ఇది భయం కాదు" అంది. చీర కూడా మార్చుకోకుండా నన్ను ఆటో ఎక్కించింది. అపెండిక్స్ అన్నారు, ఆ పూటే ఆపరేషన్ చేశారు. కళ్లు తెరిచేసరికి ఆమె పక్కనే ఉంది. "నొప్పి అన్నవాళ్ల మాట ముందు నమ్మాలే. అబద్ధమని తేలితే తర్వాత తిట్టుకోవచ్చు" అంది. ఇవాళ నా క్లాసులో ఏ పిల్లయినా కడుపు పట్టుకుంటే నేను ఆ మాటే తలచుకుంటాను. ఆమె నాకు ఇచ్చిన ఆస్తి అది.

ఆ తర్వాత నుంచి ఆమె డాక్టర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు తోడు నేనే. అప్పటికే ఒళ్లు జబ్బుల పుట్ట. షుగరు, బీపీ, థైరాయిడు, మోకాళ్లు, వీటన్నిటి వెనకాల ఎప్పుడు లేస్తుందో తెలియని ఆ మనసు. "నా ఇంట్లోనే కాదే, ఒంట్లో కూడా అద్దెకున్నారు. ఒక్కళ్లూ ఖాళీ చేసే రకం కాదు. పైగా ఒకళ్లంటే ఒకళ్లకి పడదు" అనేది. నాలుగు జబ్బులున్నవాళ్లకి నలుగురు డాక్టర్లుంటారు గానీ ఆ మనిషికంటూ ఒక డాక్టరు ఉండడని ఆమె మరో మాట. అంకుల్ నవ్వేవాడు. ఆయన నెమ్మదైన మనిషి. మందులు తెచ్చి పెట్టేవాడు, అన్నం కలిపి పెట్టేవాడు, ఎవరితోనూ గొడవ పడేవాడు కాదు.

ఒకసారి అరికాళ్లు మండుతున్నాయని ఎల్బీనగర్ వైపు ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. అప్పట్లో కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. ఆయన బాగానే అడిగాడు. మంట ఎప్పుడెక్కువ, తిమ్మిరి ఉందా, చెప్పులు జారిపోతున్నాయా అని రాసుకుంటూ కాగితాలు తిరగేస్తున్నాడు. మధ్యలో మానసిక డాక్టరు రాసిన చీటీ వచ్చింది. చదివాడు. పెన్ను మూత పెట్టేశాడు. ఆమె వైపు కాకుండా నా వైపు తిరిగి, "టెన్షన్ ఎక్కువ తీసుకుంటున్నట్టున్నారు. ఈ మందులే సరిగ్గా వాడేట్టు చూడండి" అన్నాడు. ఆమె కాళ్లు ముట్టుకోనైనా లేదు.

బయటికొచ్చి మెట్రో పిల్లరు పక్కన నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మనసు బాగోలేనివాళ్లకి అరికాళ్లు మండకూడదని రూలుందేమే?" అని నన్నడిగింది. నేను ఆటో పిలిచాను.

తర్వాత ఆ చీటీలన్నీ తీసి ఇంట్లో పెట్టి, ఉత్త షుగర్ కాగితాలతో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పి మందు రాశాడు. మంట తగ్గింది. ఆమె మాటలో విజయం ఉంది గానీ కళ్లలో లేదు. ఇంటికి రాగానే అమ్మని పిలిచి, "ఒక సంచి కుట్టి పెట్టవే" అంది. అమ్మ నా పాత స్కూలు యూనిఫారం స్కర్టు విప్పదీసి నీలం సంచి కుట్టింది. మనసు కాగితాలూ మందులూ అందులోకి వెళ్లాయి. చీరల షాపువాళ్లిచ్చిన పసుపు సంచిలోకి ఒంటి కాగితాలు. పసుపుది హాల్లో ఫ్రిజ్ పక్క మేకుకి, నీలంది పడగ్గది తలుపు వెనక. ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు. నెలకోసారి ఉతికినా ఆమె తీగకి ఒకదాన్ని ఈ చివర, ఒకదాన్ని ఆ చివర వేసేది.

దిల్‌సుఖ్‌నగర్‌లోని మానసిక డాక్టరు మంచివాడే. ఆయన మందులతో ఆమెకి ఆకలి పెరిగింది, ఒళ్లు పెరిగింది, షుగరు పెరిగింది. షుగర్ డాక్టరేమో నోరు కట్టుకోవడం లేదని చివాట్లు పెట్టేవాడు. "ఈయన తిడితే దిగులొచ్చి ఆయన మందు వేసుకోవాలి. ఆయన మందు వేసుకుంటే ఈయన తిడతాడు. మధ్యలో నేనొక్కదాన్నే దోషిని" అని ఆటోలో పకపకా నవ్వేది. మానసిక డాక్టరు ప్రతిసారీ, ఈ మందుల సంగతి మీ షుగర్ డాక్టరుకి చెప్పారా అని అడిగేవాడు. చెప్పానండీ అని తలూపేది. ఒకసారి ఆయన గది దాటగానే ఆమెని నిలదీశాను.

"ఎందుకాంటీ గట్ల అబద్ధం చెప్తవ్? అన్ని ఒక్క సంచిల పెట్టి చూపిస్తే ఏమైతది?"

"ఒక్క సంచిలో పెడితే నీలం కాగితాలు పసుపు కాగితాల్ని తినేస్తాయే. నిజం చెప్పిన రోజు ఏమైందో నువ్వే చూశావు కదా."

నేను చూశాను. అందుకే ఎక్కువ వాదించలేకపోయాను. ఒకే మనిషిని రెండు సంచుల్లో మోసుకు తిరగడం ప్రమాదమని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. కానీ ఒక్క సంచితో వెళ్తే ఆమె మాట ఎవరూ నమ్మరు. ఆ ప్రమాదాన్ని ఆమె సరదాకి ఎంచుకోలేదు.

నిరుడు రెండుసార్లు ఆమెకి ఊపిరాడనట్టయింది. గుండె దడదడ, చేతుల వణుకు. రెండుసార్లూ అంకుల్ పసుపు సంచి తీసుకుని దవాఖానకి పరుగెత్తాడు. ఈసీజీ తీశారు, గుండె బాగుందన్నారు. ఆ తర్వాత నీలం సంచి చూపిస్తే, గాబరా వల్ల వచ్చిందని చెప్పి పంపారు. రెండోసారి ఇంటికొచ్చాక ఆంటీ నన్ను మీర్‌పేట్ నుంచి పిలిపించింది. అంకుల్‌నీ నన్నూ హాల్లో కూర్చోబెట్టింది.

"నాకు ఎప్పుడేమైనా ముందు పసుపు సంచి. గుండె చూస్తారు, షుగర్ చూస్తారు. ఏమీ లేదని వాళ్లు చెప్పాక నీలం సంచి తీయండి. ఏదీ దాచమనట్లేదు. వరస తప్పొద్దు అంటున్నా."

"సరేలేవే" అన్నాడు అంకుల్.

"సరేలే కాదు, మాటివ్వండి. దీనికి ఫోన్ కూడా చెయ్యండి, ఇది నోరున్న పిల్ల."

అంకుల్ ఆమె చేతిలో చెయ్యి వేశాడు. నేనూ వేశాను. మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని, "ఇంక నిద్రపడుతుంది" అంది ఆంటీ. అంత పెద్ద కోరికేం కాదు. నొప్పి అన్నప్పుడు ముందు నొప్పిని చూడమంది.

ఆంటీ పోయిన రోజు, అమ్మ ఫోన్ పెట్టేశాక నేను కొత్తపేటకి ఎలా వెళ్లానో గుర్తులేదు. ఆమెని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. తలకి నూనె రాసి దువ్వారెవరో. పడగ్గదిలో మంచం పక్క స్టూలు మీద నీలం సంచి, అందులోంచి ఆ పొద్దుటి దవాఖాన చీటీ పైకి కనబడుతోంది. నేను వెనక్కి తిరిగి హాల్లోకి చూశాను. ఫ్రిజ్ పక్క మేకుకి పసుపు సంచి ఎప్పటిలాగే వేలాడుతోంది. నాకింక ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

కాలనీలో ఉండే డాక్టరుని పిలిచారు. పొద్దున ఏమన్నదని ఆయన అడిగాడు. పైకడుపులో మంట, దవడ లాగుతోందంది, ఒళ్లంతా చెమట పట్టింది అని అంకుల్ చెప్పాడు. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి ఇలాగే వస్తుంది, ఛాతీలో నొప్పి తెలియదు అన్నాడాయన. ఈసీజీ తీయలేదా అని అడిగాడు. అంకుల్ నేలవైపు చూస్తూ నిద్రకి ఇంజెక్షన్ ఇచ్చి పంపారన్నాడు. డాక్టరు లేచి చెప్పులేసుకున్నాడు. అమ్మ నా వీపు నిమిరి, "ఏడ్వు బిడ్డా, ఏడిస్తే మంచిగుంటది" అంది. నాకు ఏడుపు రాలేదు. నా యూనిఫారం గుడ్డతో కుట్టిన సంచే ఆమె నోరు నొక్కేసిందని ఒళ్లు మండిపోయింది.

ఆ పది రోజులూ నేను వస్తూ పోతూనే ఉన్నాను. అంకుల్‌తో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. చుట్టాలంతా ఆయన్ని ఓదార్చారు, ఎంత ఓపిగ్గా చూసుకున్నాడో అన్నారు. అది నిజం కాదని నేననను. అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. నాకు మింగుడుపడనిది కూడా అదే.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లంతా కడిగారు. చుట్టాలు వెళ్లిపోయారు. మధ్యాహ్నం నేను అమ్మ దగ్గరికి వెళ్తుంటే అంకుల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దాటి పోబోయాను.

"నువ్వు నాతో మాట్లాడట్లేదని తెలుసమ్మా" అన్నాడు.

నేను ఆగాను.

"రెండుసార్లు అలాగే అయింది కదా. రెండుసార్లూ గుండె బాగానే ఉందన్నారు. ఈసారీ అదేననుకున్నాను. మళ్లీ అన్ని పరీక్షలూ చేసి, చివర్న గాబరా అని చెప్పి, నా వంక అదోలా చూసి పంపుతారు. అందుకని ముందే నీలం సంచి పెట్టేస్తే త్వరగా తేలిపోతుంది అనుకున్నాను. నీకు ఫోన్ చేస్తే నువ్వు ఒప్పుకోవని చెయ్యలేదు."

"ఆంటీ ఏమనలేదా?"

ఆయన గేటు వైపు చూస్తూ చెప్పాడు.

"ఆటోలో కళ్లు మూసుకునే అడిగింది, పసుపు సంచి తెచ్చారా అని. తెచ్చానన్నాను. సరే అని నా భుజం మీద తల పెట్టుకుంది."

"తెచ్చిన అని ఎందుకు చెప్పిన్రు అంకుల్?"

"గాబరా పడుతుందనమ్మా."

ఆ తలని నేను చూడలేదు గానీ ఇప్పుడు నా కళ్లకి కట్టినట్టుంది. ఆమె ఆఖరుగా నమ్మిన మాట అబద్ధం. నా కుడివైపు నొప్పిని నమ్మిన మనిషి, తన నొప్పిని ఒక్కరైనా నమ్మాలని ఇన్నేళ్లు సంచులు మోసి, డాక్టర్లని ఏమార్చి, చివరికి చేతిలో చెయ్యి వేయించుకున్న మనిషి, తన ఇంట్లోనే ఓడిపోయింది. చీటీ చూసి పెన్ను మూసిన డాక్టరు మీద నాకు కోపం ఉంది. పసుపు సంచి అడగకుండా ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ల మీద ఉంది. వాళ్లు పరాయివాళ్లు. ఈయన్ని మాత్రం ఎలా క్షమించాలో నాకు తెలియడం లేదు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జాలేసింది. జాలేసినంత మాత్రాన కోపం పోలేదు. ఆయన్ని దాటుకుని మెట్లెక్కేశాను.

అమ్మ ఇంట్లోకి వెళ్లకుండా నేరుగా డాబా మీదికి వెళ్లాను. ట్యాంకు నిండి పక్కనుంచి నీళ్లు పోతున్నాయి. కింది నుంచి కేక లేదు. ఆంటీ తీగ మీద ఇల్లు కడిగినప్పటి తెరలూ దుప్పట్లూ ఆరేసి ఉన్నాయి. వాటి చివర, పక్కపక్కనే, ఒకే క్లిప్పు కింద పసుపు సంచీ నీలం సంచీ. అంకుల్ రెండూ ఉతికి ఒక్కచోటే వేసినట్టున్నాడు. అలవాటుగా నా చెయ్యి పైకి వెళ్లింది, నీలం దాన్ని తీసి ఆ చివరికి వేద్దామని. క్లిప్పు తీశాక గుర్తొచ్చింది, వాటిని విడిగా వేయమనే మనిషి ఇక లేదని. రెండింటినీ అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఖాళీ సంచులే, ఇంకా తడిగా ఉన్నాయి.